మామోగ్రామ్ తీసేవాళ్ళు తామూ తీయించుకుంటారా?

ఒక పాఠకురాలు ఈ ప్రశ్న అడిగారు. మామోగ్రామ్ అంటే రొమ్ము క్యాన్సర్‌ను పసిగట్టడానికి తీసే ఎక్స్‌రే. అందరూ తీయించుకోరు. ఆరోగ్యరంగంలో పనిచేసే మహిళల మీద చాలా దేశాల్లో సర్వేలు జరిగాయి. పరీక్ష గురించి తెలిసినవాళ్ళ కంటే, వేళకు చేయించుకునేవాళ్ళు తక్కువని వాటిలో తరచూ తేలుతుంటుంది. నాకిది బాధగా ఉంటుంది. ఆ యంత్రం రొమ్మును అంతగా ఎందుకు నొక్కుతుందో టెక్నాలజిస్టుకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

పిడికిలి బిగించి దీపం ముందు పెట్టండి. గోడ మీద నల్లటి ముద్ద పడుతుంది. చెయ్యి చాచి వేళ్ళు విడదీయండి. ఒక్కో వేలూ లెక్కపెట్టొచ్చు, రెండు వేళ్ళ మధ్య ఇరుక్కున్న చిన్న గింజ కూడా దొరుకుతుంది. పలకల మధ్య నొక్కడమంటే ఆ పిడికిలి విప్పడమే. ఒక్కోసారి క్యాన్సర్‌కు తొలి గుర్తుగా కనిపించే, అర మిల్లీమీటరు కూడా లేని కాల్షియం చుక్కలు బయటపడేది అప్పుడే. కదలిక ఆగుతుంది కాబట్టి బొమ్మ చెదరదు. పక్కలకు చెదిరి బొమ్మను మసకబార్చే కిరణాలూ తగ్గుతాయి.

ఇంకో లాభం రేడియేషన్ తగ్గడం. మామోగ్రఫీలో వాడే తక్కువ శక్తి కిరణాలు సుమారు ఒక సెంటీమీటరు కణజాలం దాటేసరికి సగమైపోతాయి. అంటే ఆరు సెంటీమీటర్ల మందాన్ని ఐదుకు తెస్తే, అవతలికి చేరే కిరణాలు దాదాపు రెట్టింపవుతాయి, కాబట్టి తక్కువ మోతాదే సరిపోతుంది. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది కిరణాల శక్తికి కొలత) దగ్గర కిరణాలను ఆపే గుణకం, సెంటీమీటరుకి, కొవ్వుకు సుమారు 0.46, గ్రంథి కణజాలానికి 0.80, క్యాన్సర్ గడ్డకు 0.85. చివరి రెండింటికీ తేడా ఎంత తక్కువో చూడండి! గ్రంథి కణజాలం దట్టంగా ఉన్నవాళ్ళలో తెల్లటి గడ్డ తెల్లటి నేపథ్యంలో కలిసిపోయేది ఇందుకే. అలాంటివాళ్ళకు డాక్టరు అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ అదనంగా చెప్పవచ్చు.

నొక్కితే క్యాన్సర్ వస్తుందనే భయం ఇంకా ఉంది. దానికి ఆధారం లేదు. పలక దించే ముందే పిడికిలి ఉదాహరణ చెబితే ఎదుటి మనిషి టెన్షన్ సగం తగ్గుతుంది.

మరి టెక్నాలజిస్టు ఎందుకు వాయిదా వేస్తుంది? రోజంతా పని. ఫలితం ఏమొస్తుందోనన్న భయం. "రోజూ రేడియేషన్ దగ్గరే ఉంటాం, మళ్ళీ ఎందుకు" అన్న లెక్క కూడా ఉండొచ్చు. నిజానికి ఆమె సీసం కలిసిన అద్దం వెనక నిలబడుతుంది. ఒక మామోగ్రామ్ మోతాదు, ప్రకృతి నుంచి మనకు సుమారు రెండు నెలల్లో అందేంత. అమెరికా నిపుణుల బృందం 2024లో, సాధారణ ముప్పు ఉన్నవాళ్ళకు 40 నుంచి 74 ఏళ్ళ వరకు రెండేళ్ళకోసారి చాలంది. గడ్డ చేతికి తగిలితే మాత్రం ఆ తేదీ కోసం ఆగకూడదు.

తోటి ఉద్యోగి ముందు బట్టలు తీయాలన్న మొహమాటమైతే నాకు పూర్తిగా అర్థమవుతుంది. దానికి వేరే కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే సరిపోతుంది.