"బ్రాంటో ఉందిగా సార్": ఫైర్ సర్వీసు మీద అపోహలు - వాస్తవాలు

మొన్న హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి మా ఫైర్ సర్వీసు వాళ్లం మాక్ డ్రిల్ కోసం వెళ్లాం. మెట్ల దారిలో చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు. తీసేయమంటే సెక్రటరీ గారు, పై అంతస్తుల నుంచి మనుషుల్ని దింపే మా పొడవాటి లిఫ్టు బండి బ్రాంటో పేరెత్తి, "మీకు బ్రాంటో ఉందిగా సార్, పైవాళ్లని దింపేస్తారు" అన్నారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అందుకే రాస్తున్నా.

అపోహ: డిపార్ట్‌మెంట్ పెరిగింది, ఎంత ఎత్తులో ఉన్నా దింపేస్తారు.

పెరిగిన మాట నిజమే. 1956లో ఆంధ్ర, హైదరాబాద్ రాష్ట్రాల సర్వీసులు కలిశాయి. 1999లో ఫైర్ సర్వీస్ చట్టం వచ్చింది. 2014లో తెలంగాణ శాఖ వేరైంది. 54 మీటర్ల బ్రాంటో స్కైలిఫ్ట్ కూడా వచ్చింది. కానీ 54 మీటర్లంటే సుమారు పదిహేడు అంతస్తులు. కోకాపేట వైపు యాభై దాటి కడుతున్నారు. పైగా ఆ బండి కాళ్లు చాపి నిలబడాలంటే గట్టి నేల, ఖాళీ జాగా కావాలి. సెల్లార్ స్లాబు మీద దాన్ని ఎక్కించలేం. కార్లు అడ్డంగా పెట్టిన సందులోకి అసలు రాదు.

అసలు చంపేది చాలాసార్లు మంట కాదు, పొగ. 2022లో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మొదలైన పొగ పైకెక్కి ఎనిమిది మంది పోయారు. 2023లో సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ చిన్న వయసు వాళ్లే. 2025 మేలో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది, పసిపిల్లలతో సహా. ఇవేవీ ఆకాశాన్నంటే భవనాలు కావు.

చాలా ఏళ్ల క్రితం నేను వెళ్లిన ఒక కాల్ ఇప్పటికీ గుర్తొస్తుంది. నాలుగో అంతస్తులో వంటగది అంటుకుంది. పొగ మెట్లలోకి రాకుండా ఆపే ఫైర్ డోర్లు మూసుకోకుండా, గాలి రావాలని అన్నిటికీ ఇటుకలు అడ్డుపెట్టి తెరిచి ఉంచారు. పొగంతా మెట్ల మీదకే వచ్చింది. టెర్రస్‌కి తాళం. ఆరో అంతస్తులో ఒక పెద్దావిడ మాత్రం తలుపు మూసి, కింది సందులో తడి చీర కుక్కి, బాల్కనీలో నిలబడి కొంగు ఊపింది. మేం పైకి వెళ్లేసరికి దగ్గుతూ కూర్చుని ఉంది, అంతే. ఆవిడకి ఇది ఎవరూ నేర్పలేదట.

మెట్లలో పొగ లేకపోతే మెట్ల మీదే దిగండి, లిఫ్టు వద్దు. పొగ నిండితే ఆ పెద్దావిడ చేసినట్టే చేయండి.

అపోహ: ఫైరింజన్ నీళ్లు లేకుండా వస్తుంది. ట్యాంకు నింపుకునే వస్తాం. హోసులు తెరిస్తే అది నిమిషాల్లో అయిపోతుంది, మళ్లీ నింపుకోవడానికి వెళ్తాం. అది చూసి వీడియోలు పెడుతున్నారు.

అపోహ: పిలిస్తే డబ్బు కట్టాలి. మంటకు పిలిస్తే ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

అపోహ: చిన్న మంటే కదా, ముందు మనమే ఆర్పి చూద్దాం. ముందు 101కి గానీ 112కి గానీ చెప్పండి, ఆ తర్వాత ఆర్పండి. మేం వచ్చేసరికి ఆరిపోయి ఉంటే సంతోషంగా వెనక్కి వెళ్తాం, ఎవరూ తిట్టరు. టెన్షన్‌లో అడ్రస్ నోటికి రాకపోయినా కంగారు పడకండి. దగ్గర్లోని గుడి పేరో, పెట్రోలు బంకు పేరో చెప్పి, ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి.