మూడో రోజు మగత వెనక అమోనియా

పుట్టినప్పుడు బిడ్డ నిండుగా ఉంది. రెండు రోజులు బాగానే పాలు తాగింది. మూడో రోజు చన్ను పట్టలేదు, మగతలోకి జారుకుంది, ఎగశ్వాస వచ్చింది, పోయింది. కర్నూలు జిల్లా పల్లెల్లో ఇలాంటి చావుల్ని బాలారిష్టం అనేవాళ్లు. ఆసుపత్రులొచ్చాక రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఎక్కువసార్లు అది నిజమే. కొందరు పిల్లల్లో మాత్రం అసలు కారణం అమోనియా.

ఒంట్లో మాంసకృత్తులు కరిగినప్పుడు పుట్టే అమోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఈ యూరియా సైకిల్‌ను 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కనిపెట్టారు. ఇందులో ఒక ఎంజైమ్ లోపించినా అమోనియా పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. కడుపులో ఉన్నన్నాళ్లు ఆ భారం తల్లి శరీరం మోస్తుంది కాబట్టి పుట్టగానే ఏమీ తెలియదు. పిల్లల్లో ఈ జబ్బులు ఒక్కొక్కటే బయటపడింది 1958 తర్వాతే. వాటిలో ఎక్కువగా కనిపించేది ఓటీసీ అనే ఎంజైమ్ లోపం, దాన్ని 1962లో గుర్తించారు. 1980 ప్రాంతంలో అమెరికా వైద్యుడు సాల్ బ్రూసిలో బృందం సోడియం బెంజోయేట్‌తో అమోనియాలోని నత్రజనిని వేరే దారిలో బయటకు పంపొచ్చని చూపింది. పచ్చడి సీసాల మీద మనం చదివే పేరే అది.

మన దగ్గర ఇలాంటి చావుకు మేనరికాన్ని తిట్టడం అలవాటు. చాలా రకాల్లో లోపం ఉన్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ రావాలి కాబట్టి అందులో నిజముంది. ఓటీసీ లోపానికి మేనరికంతో పనిలేదు. ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది, మగపిల్లలకే గట్టిగా తగులుతుంది. బిడ్డ మేనమామలెవరైనా పసితనంలోనే పోయారా అని అవ్వను అడిగితే సగం రోగనిర్ధారణ అక్కడే దొరకొచ్చు.

మిగతా సగానికి రక్తంలో అమోనియా చూడాలి. శాంపిల్‌ను ఐస్‌లో పెట్టి నిమిషాల్లో ల్యాబ్‌కు చేర్చాలి, ఆలస్యమైతే అంకె ఉత్తినే పెరిగి కనిపిస్తుంది. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు 200 కిలోమీటర్ల పైమాటే. అందుకే ఈ పరీక్ష జిల్లా ఆసుపత్రిలోనే, రాత్రిపూట కూడా జరగాలని గట్టిగా అడుగుతున్నాను.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బులున్నాయి. చికిత్సకు ప్రభుత్వమిచ్చే సాయాన్ని 2022లో రూ.50 లక్షల వరకు పెంచారు. అది గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే అందుతుంది. మనకు దగ్గరున్న వాటిలో ఒకటి హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ కలిసి నడిపే కేంద్రం. బిడ్డ దక్కకపోయినా, ఫిల్టర్ పేపర్ మీద నాలుగు రక్తపు చుక్కలు ఆరబెట్టి దాచమని డాక్టర్‌ను అడగండి. వాటిలో జన్యులోపం దొరికితే, తర్వాతి కాన్పులో 11వ వారం నుంచే కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు.