పళ్లెం చప్పుడుకు ఉలిక్కిపడితే చెవులు వినబడుతున్నట్టేనా?

నవ్వితే నువ్వులుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగేస్తే అరిసెలు. మొదటి ఏడాది ఎదుగుదల చార్టు మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఉంది. క్రమం కూడా దాదాపు సరైనదే. లోటల్లా ఒక్కటే, చెవులకు ఏ పిండివంటా లేదు. అందుకే కాబోలు, అడుగులు ఒక నెల ఆలస్యమైతే ఆస్పత్రికి పరిగెత్తే ఇళ్లలోనే వినికిడి లోపం మాత్రం రెండున్నరేళ్లో మూడేళ్లో దాటాక గానీ బయటపడదు.

అప్పుడు కూడా మొదట వినబడే మాట ఇదే: "చెవులు బాగానే ఉన్నాయండీ, పళ్లెం కింద పడితే ఉలిక్కిపడతాడు."

ఈ పళ్లెం పరీక్ష చేసినంత నష్టం ఇంకేదీ చెయ్యదు. మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. స్టీలు పళ్లెం గచ్చు మీద పడితే వచ్చే మోత దానికి ఎన్నో రెట్లు. ఓ మోస్తరు లోపం ఉన్న బిడ్డకు పళ్లెం, కుక్కర్ విజిల్, లారీ హారన్ అన్నీ వినబడతాయి. అమ్మ మాటలోని 'స', 'ఫ', 'త' లాంటి సన్నని ధ్వనులు మాత్రం అందవు. అసలు ఏమీ వినబడని బిడ్డ కూడా ఉలిక్కిపడొచ్చు. నేల అదురుతుంది, తలుపు వేస్తే ముఖానికి గాలి కొడుతుంది, చప్పట్లు కొట్టిన చేతి నీడ పడుతుంది. పిల్లలు వీటిని ఇట్టే పట్టేస్తారు.

రెండో ధీమా "ఊఁ కొడుతున్నాడుగా" అనేది. పుట్టు చెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి ఐదారు నెలలు ఊఁ కొడతారు, కేరింతలు కొడతారు, నవ్వుతారు. తేడా ఆ తర్వాత వస్తుంది. వినబడే బిడ్డ ఆరు నుంచి పది నెలల మధ్య 'బబబ', 'దదద', 'మమమ' అని గొలుసు కట్టడం మొదలుపెడతాడు, అందులో ఓ రాగం కూడా వినిపిస్తుంది. వినబడని బిడ్డలో ఆ గొలుసు రాదు, లేదా ఉన్న ఊసులు కూడా పలచబడతాయి. "ఆరో నెల దాకా బాగా ఊసులాడేది, ఇప్పుడు తగ్గింది" అన్నది ఎదురుచూడాల్సిన సంగతి కాదు. ఆ వారంలోనే పరీక్షకు వెళ్లాలి.

వినికిడి పరీక్షల లెక్క 1-3-6: నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషన్, వినడంలో శిక్షణ. స్క్రీనింగ్‌కు ఓ.ఎ.ఇ. అనే పరీక్ష చేస్తారు, లోపలి చెవి చప్పుడుకు స్పందిస్తోందో లేదో అది చెబుతుంది. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెడితే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. 'రిఫర్' (మళ్లీ చూడాలి) అని వస్తే చెవుడని అర్థం కాదు, కంగారు పడకండి. పుట్టిన రెండు మూడు రోజులు చెవిలో ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు ఉండి కూడా అలా వస్తుంది. మళ్లీ చేస్తే చాలామంది పాసవుతారు. కానీ ఆ మళ్లీ చేసే పరీక్షకే రారు. బారసాల, పురిటింటి నుంచి ప్రయాణం, పని ఒత్తిడి, వీటి మధ్య ఆ కాగితం ఫైల్లో మిగిలిపోతుంది.

ఎన్.ఐ.సి.యు.లో (పసికందుల ఐ.సి.యు.లో) ఐదు రోజులకు పైగా ఉన్నవాళ్లకు, కామెర్లు ముదిరి రక్తం మార్చినవాళ్లకు ఓ.ఎ.ఇ. ఒక్కటీ సరిపోదు. చెవి పనిచేస్తూ నరం దగ్గర తేడా ఉంటే అది పట్టుకోలేదు, కాబట్టి బెరా చేయించాలి, అంటే చప్పుడు నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో చూసే పరీక్ష. మేనరికం చేసుకున్నవాళ్లు, ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెవుడు ఉన్నవాళ్లు ఉంటే అడిగి మరీ చేయించుకోండి. మేనరికం అంటే లోపం ఖాయమని కాదు, అవకాశం ఎక్కువ, అంతే. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి తగ్గిన బిడ్డకు మాత్రం డిశ్చార్జి అయిన వెంటనే చూడాలి. లోపలి చెవి ఎముకలా గట్టిపడిపోతే తర్వాత కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) కూడా కష్టమవుతుంది.

బెరాకు వచ్చే రోజు బిడ్డ తలకు నూనె రాయకండి. నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటుకోవు. దారిలో నిద్రపోనివ్వకండి, పాలు అక్కడికి వచ్చాకే పట్టండి. చాలా అపాయింట్‌మెంట్లు పాడయ్యేది బిడ్డ ఆటోలోనే నిద్ర తీర్చుకుని రావడం వల్ల.

ఇంట్లో చూడాలనే ఉంటే ఏడో నెలలో, బిడ్డ కూర్చోగలిగాక ఇలా చూడండి. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టాలి. ఎదురుగా ఒకరు చప్పుడు చెయ్యని బొమ్మతో మరిపించి, బొమ్మను దాచెయ్యాలి. వెనక నుంచి ఇంకొకరు, చెవికి మూరెడు దూరంలో, బిడ్డ కంటికి కనబడకుండా, నెమ్మదిగా 'స్‌స్‌స్' అనాలి. కాసేపాగి గిన్నెలో చెంచాతో గీరాలి, తర్వాత లోగొంతుతో పిలవాలి. రెండు వైపులా విడివిడిగా చెయ్యాలి. గాజులు, నీడ, సెంటు వాసన ఏదీ బిడ్డను చేరకూడదు. అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది అమ్మ దగ్గర. చప్పుడు రాగానే ఆమె ఒళ్లు బిగుస్తుంది, బిడ్డ దానికి తిరుగుతాడు. తిరగకపోతే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చోకండి, పరీక్షకు వెళ్లండి. తిరిగినా సరే, ఇది ఓ.ఎ.ఇ.కి బదులు కాదు.

"మిషన్ పెడితే ఉన్న వినికిడి పోతుంది" అనేది కూడా తప్పే. ఆడియాలజిస్టు ఆ చెవి కొలత ప్రకారం సెట్ చేసిన మిషన్ హాని చెయ్యదు. చెవి ఎదిగేకొద్దీ మోల్డ్ (చెవిలో ఇమిడేలా చేసిన అచ్చు) వదులై మిషన్ కూత పెడుతుంది. అది పాడైపోయిందని డబ్బాలో పెట్టేస్తారు. నిజానికి మార్చాల్సింది మోల్డ్‌ను, మొదటి ఏడాదిలో ఆ అవసరం రెండు మూడు నెలలకే రావచ్చు. బ్యాటరీ మూతకు లాక్ ఉన్నదే అడగండి. బిళ్ల బ్యాటరీ మింగితే గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఆశా కార్యకర్తను ఆర్.బి.ఎస్.కె. (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) గురించి అడగండి, జిల్లా డైక్ కేంద్రానికి (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే చోటుకి) పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇక మిగతావి.

వస పోసినంత మాత్రాన మాటలు రావు. వాగుడుకాయను వసపిట్ట అనడం వేరు, పాలు తాగే బిడ్డ నాలుకకు వస కొమ్ము అరగదీసి నాకించడం వేరు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. నాలుక కింద నరం కోయించినా మాటలు రావు. పాలు పట్టుకోలేకపోతే ఆ కోత అవసరం పడొచ్చు, మాటలకు మాత్రం కాదు.

పాకకుండానే నడిచాడని భయం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన కొలతల్లో ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఉంది. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు. పక్కింటి బిడ్డ పదో నెలకే నడిచిందంటే మీ బిడ్డ వెనకబడినట్టు కాదు. నడక త్వరగా రావాలని వాకర్ కొనకండి. మునివేళ్ల మీద తోసుకోవడమే అలవాటవుతుంది, మెట్ల మీద నుంచి పడతారు కూడా. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. దాని బదులు మెలకువగా ఉన్నప్పుడు చాప మీద బోర్లా పడుకోబెట్టండి, మూడు నుంచి ఐదు నిమిషాల చొప్పున, పెరిగేకొద్దీ రోజు మొత్తంలో అరగంట దాకా. పడుకునేది మాత్రం వెల్లకిలానే.

32 వారాలకే పుట్టిన బిడ్డ ఎదుగుదల చూసేటప్పుడు వయసులోంచి 8 వారాలు తీసేసి లెక్కెయ్యాలి, రెండేళ్ల దాకా. టీకాలకు మాత్రం పుట్టినరోజు లెక్కే.

ఏడాది నిండకముందే 'ఎడమచేతి వాటం' అంటే అనుమానించాలి. ఆ వయసులో రెండు చేతులూ సమానంగా ఆడాలి. ఒకటి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉంటే ఆ పక్క బలహీనత ఉందేమో చూపించాలి.

చివరిది దిష్టి, జడుపు. నాలుగు నుంచి ఏడు నెలల మధ్య బిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, చేతులు చాచి, కొన్ని సెకన్ల ఎడంతో వరసగా ఉలికిపడుతుంటే అది కడుపునొప్పీ కాదు, తాయెత్తుతో పోయేదీ కాదు. ఫిట్స్‌లో ఓ రకం కావచ్చు. నవ్వడం, ముఖంలోకి చూడడం తగ్గుతుంటే మరీ అనుమానం. ముఖం, రెండు చేతులు కనబడేలా ఒక విడత మొత్తం ఫోన్‌లో వీడియో తీసి, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి. ఇ.ఇ.జి. (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) రాస్తే నిద్రలో కూడా తియ్యమని అడగండి.