ఈస్ట్ అనే మాటలోని ఉషస్సు

చిరంజీవులు పిల్లలందరికీ,
ఆశీస్సులు.

"ఈస్ట్ అంటే తూర్పు అని తెలుసు, కానీ ఆ దిక్కుకు ఇంగ్లీషువాళ్లు ఆ పేరే ఎందుకు పెట్టుకున్నారు తాతయ్యా?" అని మీరు అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఫోనులో రెండు మాటలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈస్ట్ అన్న మాటకు మూలార్థం దిక్కు కాదు, వేకువ. ఇంగ్లీషులోని ఈస్ట్‌కూ, జర్మన్‌లోని ఓస్ట్‌కూ తల్లి వంటి ప్రాచీన రూపం 'ఔస్ట్' అని భాషావేత్తలు పోల్చి తేల్చారు. దానికి మూలమైన ధాతువుకు తెల్లవారడం, వెలుగు రావడం అని అర్థం. ఆ ధాతువు నుంచే సంస్కృతంలో ఉషస్సు, గ్రీకులో ఏఓస్, లాటిన్‌లో ఔరోరా పుట్టాయి. ఋగ్వేదంలో సుమారు 20 సూక్తాలు స్తుతించే ఉషోదేవి పేరూ, మీ పాఠ్యపుస్తకంలోని ఈస్టూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట! ఔరోరాలో సకారం ఏదీ అని మీకు సందేహం రావచ్చు. లాటిన్‌లో రెండు అచ్చుల నడుమ పడిన సకారం కాలక్రమంలో రకారంగా మారింది. పువ్వును 'ఫ్లోస్' అనే ఆ భాషలోనే 'పువ్వు యొక్క' అనడానికి 'ఫ్లోరిస్' అంటారు. 'ఔసోసా' వంటి పాత రూపం 'ఔరోరా' అయినదీ ఆ విధంగానే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న విలియం జోన్స్ చేసిన ప్రసంగం ఈ రకమైన పరిశోధనకు గొప్ప ఊపునిచ్చింది.

వేకువ పేరు దిక్కుకు ఎందుకు వచ్చిందంటే, ఆ మాట పుట్టేనాటికి వాళ్లకు దిక్సూచి లేదు. ఐరోపా రచనల్లో దిక్సూచి ప్రస్తావన 12వ శతాబ్దం చివర గాని కనబడదు. అంతవరకూ వెలుగు వచ్చే వైపే వాళ్లకు ఈస్ట్. అయితే ఆ వైపు ఒక్కచోట నిలిచి ఉండదు. మీ హైదరాబాదు మేడ మీద నుంచి చూస్తే, జూన్ నెలాఖరులో సూర్యుడు సరైన తూర్పుకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగానూ, డిసెంబరు నెలాఖరులో దాదాపు అంతే దక్షిణంగానూ ఉదయిస్తాడు. ఒక కొబ్బరిచెట్టునో నీళ్ల ట్యాంకునో గుర్తు పెట్టుకుని నెలకొకసారి చూడండి, ఆ జరుగుడు మీ కంటికే తెలుస్తుంది.

వెస్ట్ సంగతీ ఇంతే: అది సాయంకాలానికి లాటిన్ మాటైన 'వెస్పెర్'కు బంధువని చాలామంది పండితుల అభిప్రాయం. ఆస్ట్రియా పేరులోనూ ఈ ఈస్టే ఉంది. 996 నాటి ఒక పత్రంలో అది 'ఓస్టార్రిఖీ', అంటే తూర్పు రాజ్యం. ఆస్ట్రేలియా పేరు మాత్రం ఈస్ట్ నుంచి నేరుగా వచ్చినది కాదు, దక్షిణాది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది.

మన తూర్పు అనే మాట ఈ కుటుంబంలోనిది కాదు. ఉషస్సును మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం గాని, తూర్పు మన ద్రావిడ భాషల సొత్తు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి ధాతువులను వరుసగా పోల్చి చూపారు. నార్త్, సౌత్ మాటల చరిత్ర ఇంకా చిక్కుగా ఉంటుంది కనుక వాటిని మరో ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య