కథలు ఆఫ్రికావి, అచ్చు ఎవరిది?

1957లో నైజీరియా రేడియోలో పనిచేస్తున్న ఒక యువ ఉద్యోగి తన మొదటి నవలను టైపు చేయించడానికి లండన్‌లోని ఒక టైపింగ్ ఏజెన్సీకి పోస్టులో పంపాడు. చేతిరాత ప్రతి అదొక్కటే. వాళ్ళడిగిన 22 పౌండ్లూ కట్టాడు. నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి సెలవు మీద లండన్ వెళ్ళిన ఆయన పై అధికారి ఏంజెలా బీటీ నేరుగా ఆ ఆఫీసుకు వెళ్ళి గట్టిగా అడిగితే మూలన పడేసిన కాగితాలు బయటికొచ్చాయి. అడిగింది బ్రిటిష్ ఆవిడ కాబట్టి పని జరిగిందనుకోవాలి. ఆ ఉద్యోగి చినువా అచేబె. ఆ నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'. 1958లో లండన్ ప్రచురణ సంస్థ హైన్‌మన్ దాన్ని 2,000 కాపీలు వేసింది.

అప్పటికి నైజీరియాలో రాసేవాళ్ళు లేకనా, చదివేవాళ్ళు లేకనా? నైజర్ నది ఒడ్డున ఒనిచా ఊరి సంతలో 1940ల నుంచే చిన్న ప్రెస్సుల్లో అచ్చయిన చవక పుస్తకాలు జోరుగా అమ్ముడుపోయేవి. ప్రేమకథలు, డబ్బు సంపాదించే చిట్కాలు, ఉత్తరాలు రాసే పద్ధతులు, ఇలా అన్నీ ఉండేవి. వాటిని సాహిత్యంగా లెక్కలోకి తీసుకున్నవాళ్ళు తక్కువ. నైజీరియా తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోవడంతో 1967లో మొదలైన అంతర్యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. ఫ్రెంచిలో రాసే ఆఫ్రికా రచయితలకేమో 1947లో అలియూన్ డియోప్ మొదలుపెట్టిన 'ప్రెజాన్స్ ఆఫ్రికేన్' పత్రిక ఉంది. అదీ పారిస్ కేంద్రంగానే నడిచింది.

1962లో రెండు పెద్ద సంఘటనలు జరిగాయి. ఒకటి, హైన్‌మన్ 'ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్' మొదలుపెట్టి అచేబెను సంపాదకుడిగా పెట్టుకుంది. బడి పిల్లలు కూడా కొనగలిగే పేపర్‌బ్యాక్ పుస్తకాలివి. నారింజ రంగు అట్టతో వచ్చిన నవలలు ఒక తరానికి గుర్తుండిపోయాయి. నిజానికి ఈ సిరీస్‌ను నిలబెట్టింది స్కూలు సిలబస్. పరీక్షకు పెట్టిన పుస్తకం వేలల్లో పోతే, ఆ ఊపులో కొత్తవాళ్ళ పుస్తకం కూడా ఒకటి వేయగలిగేవాళ్ళు.

రెండోది, జూన్‌లో ఉగాండా రాజధాని కంపాలాలోని మకెరెరె కాలేజీలో ఇంగ్లిషులో రాసే ఆఫ్రికా రచయితల సభ. అచేబె, నైజీరియా నాటకకర్త సోయింకా వంటి వాళ్ళ మధ్య ఒక విద్యార్థి తన నవల రాతప్రతి పట్టుకుని తిరిగాడు. అచేబె అది చదివి హైన్‌మన్‌కు చేర్చాడు. 1964లో అచ్చయింది. ఆ విద్యార్థే కెన్యాకు చెందిన గూగీ వా థియాంగో.

ఆ సభకు డబ్బిచ్చింది కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్. కంపాలాలో 'ట్రాన్సిషన్' పత్రికకూ ఆ సంస్థ సాయం అందింది. ఆ పత్రికను 1961లో పెట్టినవాడు రజత్ నియోగి, కంపాలాలో పుట్టిన భారత సంతతి యువకుడు, అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. ఆఫ్రికా రచయితలు ఇంగ్లిషులో రాయడమే దండగన్న నైజీరియా విమర్శకుడు ఒబీ వాలి వ్యాసాన్ని 1963లో అచ్చువేసి పెద్ద గొడవకు తెరతీసిందీ ఈ పత్రికే. 1966-67లో అసలు సంగతి బయటపడింది: ఆ సంస్థ వెనకున్నది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. తనకు ఆ విషయం తెలియదని నియోగి చెప్పుకున్నా పత్రిక పరువు దెబ్బతింది. ఆ మరుసటి ఏడాది, 1968లో, ఉగాండాలోని ఒబోటె ప్రభుత్వం నియోగిని జైల్లో పెట్టింది. ప్రభుత్వాన్ని విమర్శించే రాతలు వేయడమే నేరం. సీఐఏ డబ్బుతో నడిచినంత మాత్రాన ఆ పేజీల్లో వచ్చినదంతా సీఐఏ రాత అయిపోదు. కానీ దాత ఎవరో పాఠకుడికి తెలియకపోవడం చిన్న విషయం కాదు.

హైన్‌మన్ సిరీస్‌లో ఆడవాళ్ళు బాగా తక్కువ. మొదటి రచయిత్రి ఫ్లోరా న్వాపా, 1966లో 'ఎఫురు'తో. తర్వాత ఆమె నైజీరియాలోనే టానా ప్రెస్ పేరుతో సొంత ప్రచురణ పెట్టుకుంది. ఉగాండాలో రచయిత్రులు 1996లో ఫెమ్‌రైట్ సంఘం పెట్టుకుని తమ పుస్తకాలు తామే వేసుకోవడం మొదలుపెట్టారు.

గూగీ మరో దారి పట్టాడు. 1977లో కామిరీథు గ్రామస్థులతో కలిసి తన మాతృభాష గికుయూలో నాటకం వేయించినందుకు కెన్యా ప్రభుత్వం ఆయన్ని విచారణ లేకుండా ఏడాదిపాటు నిర్బంధించింది. జైలు టాయిలెట్ కాగితాల మీద గికుయూలో నవల రాశాడు. అంతకుముందు ఇంగ్లిషులో రాసినన్నాళ్ళూ ఎవరూ ఆయన జోలికి రాలేదు. ఆయన రచనలను వరవరరావు మన జైల్లో కూర్చుని తెలుగు చేశారు.

1980లలో చమురు ధర పడి నైజీరియాకు విదేశీ మారక ద్రవ్యం కరువైంది. పుస్తకాల దిగుమతి ఆగింది, హైన్‌మన్ ఆర్డర్లు ఆగాయి. కొత్త పేర్ల మీద డబ్బు పెట్టే ధైర్యం పోయింది. లండన్‌లో అచ్చు, ఆఫ్రికాలో గిరాకీ అన్న ఏర్పాటు ఎంత బలహీనమైందో అప్పుడు తెలిసింది. ఆఫ్రికా ప్రచురణకర్తలే కలిసి 1985లో ఆఫ్రికన్ బుక్స్ కలెక్టివ్ పెట్టుకున్నారు. తమ పుస్తకాలను బయటి దేశాల్లో అమ్ముకోవడానికి వాళ్ళు ఆఫీసు తెరవాల్సి వచ్చింది ఆక్స్‌ఫర్డ్‌లో.

2002లో ఆఫ్రికా రచయితల కథలకు బ్రిటన్ నుంచి ఇచ్చే కేన్ ప్రైజ్ కెన్యా రచయిత బిన్యవంగ వైనైనాకు వచ్చింది. ఆ రచన వెలువడింది ఒక ఇంటర్నెట్ పత్రికలో. ఆ ఊపుతో ఆయన మిత్రులతో కలిసి 2003లో నైరోబీలో 'క్వానీ?' పత్రిక మొదలుపెట్టాడు. వీధి భాష, కార్టూన్లు, మొబైల్ మెసేజీలు, అన్నీ అందులోకి రానిచ్చాడు. దానికీ అమెరికాలోని ఫోర్డ్ ఫౌండేషన్ సాయం తప్పలేదు, కాకపోతే ఈసారి దాత పేరు దాచలేదు. నైజీరియాలోని లాగోస్‌లో ఫరాఫినా, అబూజాలో 2006లో కసావా రిపబ్లిక్ అనే ప్రచురణ సంస్థలు వచ్చాయి. కసావా పదేళ్ళకు లండన్‌లోనూ ఆఫీసు తెరిచింది, అబూజా నుంచి అక్కడికి.

2016లో 'జలాడా' అనే యువ రచయితల బృందం గూగీ గికుయూలో రాసిన ఒక చిన్న కథను 30కి పైగా భాషల్లో ఇంటర్నెట్‌లో పెట్టింది. అచ్చు ఖర్చు లేదు, పోస్టు లేదు. కానీ రచయితకు డబ్బెలా వస్తుందన్న ప్రశ్నకు ఇంటర్నెట్ కూడా జవాబు చెప్పలేదు. నైజీరియాలో ఎవరైనా తమ ఈ-బుక్ పెట్టి అమ్ముకునే వీలు కల్పించిన ఒకడాబుక్స్, పదేళ్ళు నడిచి 2023లో మూతపడింది.