చదువుకా, ఉద్యోగానికా? పరిశోధకుల వీసా వెనుక వందేళ్ల కథ

మా అక్క కూతురికి జర్మనీలోని ఒక పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన అవకాశం, వచ్చింది. చెన్నైలో మా ఇంట్లో కూర్చుని వీసా ఫారం నింపుతుంటే బావగారు అడిగారు: "ఇంతకీ నువ్వు వెళ్లేది చదువుకా, ఉద్యోగానికా?"

జీతం ఇస్తున్నారు కాబట్టి ఉద్యోగమే అనాలి. కానీ గడువు తీరగానే అయిపోయే కాంట్రాక్టు, పైన ఒక ప్రొఫెసర్, చేతిలో ఇంకా తేలని ప్రశ్న. మామూలు ఉద్యోగంలా ఉండదు. పరీక్షలు, ఫీజులు లేవు కాబట్టి చదువూ కాదు. బావగారి ప్రశ్న దగ్గర చాలా దేశాల చట్టాలే తడబడ్డాయి. పరిశోధకుణ్ణి ఒకచోట విద్యార్థి అన్నారు, ఒకచోట అతిథి అన్నారు, ఇంకోచోట పనివాడు అన్నారు. ఏ పేరు పెడితే ఆ పేరుకు తగ్గ రూల్స్, ఆ రూల్స్‌కు తగ్గ కష్టాలు.

ఈ ఊళ్లో చదువుకున్న మనవాడితోనే మొదలుపెడతాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. అప్పటికి అమెరికాలో 1917 నాటి వలస చట్టం అమల్లో ఉంది. ఆసియాలో చాలా భాగం చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలివాళ్లు రాకూడదన్న చట్టం అది. మన దేశమూ ఆ గీత లోపలే ఉంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, వైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు లాంటి కొందరికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. దానికీ ఒక షరతు పెట్టారు. ఏ పని పేరు మీద వచ్చారో ఆ పని మానేస్తే చట్టవిరుద్ధంగా ఉంటున్నట్టే, తిప్పి పంపేయవచ్చు. ఇవాళ అమెరికాలో మన పిల్లలు "స్టేటస్ పోతుందేమో" అని టెన్షన్ పడతారే, ఆ భయానికి వేరు ఈ షరతులోనే ఉందనిపిస్తుంది.

సుబ్బారావు అక్కడ దిగడానికి ఎనిమిది నెలల ముందే, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు అక్కడి పౌరసత్వం పొందే అర్హత లేదని తీర్పు ఇచ్చింది. 1946లో చట్టం మారింది. పౌరసత్వానికి దారి దొరికింది కానీ వలసకు మాత్రం ఏడాదికి 100 మందికే చోటు. ఫోలిక్ యాసిడ్ తయారీకీ, ఫైలేరియా మందుకీ, తొలినాటి క్యాన్సర్ మందులకీ తన ల్యాబ్‌లో బాట వేసిన ఆ మనిషి 1948లో కన్నుమూసే వరకు అక్కడ పరాయి పౌరుడిగానే ఉండిపోయారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఇటు మన దేశంలోనూ బయటికి వెళ్లడం మొదట్లో హక్కు కాదు. పాస్‌పోర్ట్ ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం మీదే ఉండేది. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పాకే, ఆ ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా పరిశోధకుణ్ణి అతిథిగా చూడటం మొదలుపెట్టింది. వచ్చి నేర్చుకోండి, తిరిగి వెళ్లి మీ దేశానికి ఉపయోగపడండి అన్నది ఆలోచన. 1961 చట్టంతో వచ్చిన జె వీసా ఆ ఆలోచనకు రూపం. అంతకుముందే, 1956లో, ఇలాంటి అతిథులు స్వదేశంలో రెండేళ్లు ఉండి తీరాలన్న నిబంధన పెట్టారు. అది తీరకుండా హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ ఇవ్వరు. 1970లో దాన్ని కొంత సడలించి, ప్రభుత్వ డబ్బుతో వచ్చినవారికీ, తమ దేశానికి బాగా అవసరమైన రంగాలవారికీ పరిమితం చేశారు. ఆ రంగాల జాబితానే స్కిల్స్ లిస్ట్ అంటారు. మొదటిది 1972లో వచ్చింది. భారత్ పేరు కింద సైన్సు, ఇంజనీరింగ్ రంగాలు దశాబ్దాల పాటు అందులో ఉన్నాయి.

ఈ రెండేళ్ల నిబంధన తప్పించుకోవాలంటే మన ప్రభుత్వం నుంచి అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. దాన్ని "నోరి" అంటారు. రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర విద్యాశాఖ, పాస్‌పోర్ట్ ఆఫీసు, మూడింటి దగ్గరా విడివిడిగా అనుమతి తెచ్చుకోవాలి. నా స్నేహితుడొకడు పుట్టింది నెల్లూరులో, చదివింది చెన్నైలో, పాస్‌పోర్ట్‌లో ఉన్నది హైదరాబాద్ అడ్రస్. ఏ రాష్ట్రాన్ని అడగాలో తేలడానికే నెలలు పట్టింది. అక్కడ ల్యాబ్‌లో ప్రయోగం నడుస్తుంటే, ఇక్కడ వాళ్ల నాన్న ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు.

2024 డిసెంబర్ 9న అమెరికా కొత్త స్కిల్స్ లిస్ట్ ప్రకటించింది. అందులో భారత్ పేరు లేదు. కేవలం పాత జాబితా వల్లే చిక్కుకున్నవారికి, ముందే జె వీసా మీద వెళ్లినా సరే, రెండేళ్ల బంధం తీరిపోయింది. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ లాగా ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం అది అలాగే ఉంది. ఇంత మేలు చేసిన మార్పు గురించి మన పత్రికల్లో రావలసినంత రాలేదన్నది నా బాధ.

హైదరాబాద్‌లో 2008లో అమెరికన్ కాన్సులేట్ తెరిచేదాకా తెలుగువాళ్ల అమెరికా దారి ఈ ఊరి మీదుగానే. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ దిగి, మా ఇంట్లో స్నానం చేసి, ఫైలు చంకన పెట్టుకుని జెమినీ ఫ్లైఓవర్ పక్కన క్యూలో నిలబడినవాళ్లు ఎంతమందో. అమ్మ వాళ్లందరికీ పెరుగన్నం పెట్టి పంపేది.

యూరప్ కథ వేరు. పరిశోధకుడికి విడిగా ఒక పేరు పెట్టాలన్న ఆలోచన అక్కడ ఫ్రాన్స్‌లో 1998లోనే చట్టంగా మారింది. శాస్త్రవేత్తలకంటూ వేరే నివాస కార్డు వచ్చింది. తర్వాత యూరోపియన్ యూనియన్ జీడీపీలో 3 శాతం పరిశోధనకు పెట్టాలని 2002లో బార్సిలోనాలో లక్ష్యం పెట్టుకుంది. లెక్క వేసుకుంటే 2010 నాటికి 7 లక్షల మంది పరిశోధకులు కావాలని తేలింది. ఇంట్లో ఉన్నవాళ్లతో అది జరిగే పని కాదు. అందుకే 2005 అక్టోబరులో పరిశోధకుల కోసమే ఒక డైరెక్టివ్, అంటే సభ్యదేశాలు తమ చట్టాల్లో అమలు చేయాల్సిన ఉమ్మడి ఆదేశం, తెచ్చారు. దాని ప్రాణమంతా హోస్టింగ్ అగ్రిమెంట్‌లో ఉంది. ఈ మనిషి మాకు కావాలి, ఫలానా పరిశోధన కోసం తీసుకుంటున్నాం అని గుర్తింపు ఉన్న సంస్థ రాసి ఇస్తే చాలు, విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. పరిశోధకుడి యోగ్యతను తేల్చే పని కార్మిక శాఖ చేతిలోంచి ల్యాబ్‌కు వచ్చింది.

2016లో దాన్ని విస్తరించారు. ప్రాజెక్టు అయిపోయాక కనీసం తొమ్మిది నెలలు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఒక దేశం ఇచ్చిన పర్మిట్‌తో ఇంకో సభ్యదేశంలోనూ 360 రోజుల్లో 180 రోజుల వరకు పరిశోధన చేయవచ్చు. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం పాత చిక్కు పూర్తిగా వదల్లేదు. కొన్నిచోట్ల విద్యార్థి పర్మిట్ ఇస్తారు, కొన్నిచోట్ల పరిశోధకుల పర్మిట్. పేరే కదా అని వదిలేయకూడదు. యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాస హోదాకు ఐదేళ్లు కావాలి, ఆ లెక్కలో చదువు పేరున గడిపిన కాలం సగానికి మించి చేరదు.

బ్రిటన్ 2020లో గ్లోబల్ టాలెంట్ వీసా తెచ్చింది. మరుసటి ఏడాది మే నుంచి సున్నితమైన రంగాల్లోని విదేశీ పరిశోధకులకు అటాస్ అనే భద్రతా తనిఖీని తప్పనిసరి చేసింది. అమెరికా, జపాన్ వంటి దేశాలవారికి మినహాయింపు ఉంది, మనకు లేదు.

అమెరికాలో పరిశోధకుణ్ణి ఉద్యోగిగా చూసే దారి హెచ్-1బీ. 2000లో చట్టం మార్చి యూనివర్సిటీలను ఆ వీసాల వార్షిక పరిమితి నుంచి తప్పించడంతో, వాటికి లాటరీ తీసి వీసాలు ఇచ్చే బెడద లేకుండా పోయింది. 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటన మాత్రం, దేశం బయట ఉన్నవారికోసం వేసే కొత్త పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టమంది. యూనివర్సిటీలనూ వదల్లేదు. పోస్ట్‌డాక్ జీతం తెలిసినవాళ్లకు ఆ అంకె ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

ఫారంలో ప్రయాణ కారణం దగ్గర మా అమ్మాయి "పరిశోధన" అని రాసింది. ఆఫర్ లెటర్‌తో పాటు హోస్టింగ్ అగ్రిమెంట్ కూడా అడిగి తెప్పించుకుంది. బావగారు అది రెండుసార్లు చదివి, "మరి అల్లుడు వెంట వెళ్తే ఖాళీగా కూర్చోవాలా?" అన్నారు. అక్కర్లేదు. పరిశోధకుల భార్యకో భర్తకో అక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు 2016 డైరెక్టివ్‌లోనే రాసి ఉంది. అప్పుడు ఆయన అల్లుడి పెళ్లి సర్టిఫికెట్ ఎక్కడుందని వెతకడానికి లేచారు.