రొయ్యకి దేశాల గొడవలతో పనేంటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరంలో ఒక రొయ్యల ప్లాంటులో పద్నాలుగేళ్ళుగా ఎగుమతి కాగితాలు చూస్తున్నాను. ఇన్‌వాయిస్, హెల్త్ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్... నా రోజంతా వీటితోనే గడుస్తుంది. అమెరికా మన సరుకు మీద సుంకం పెంచిన 2025 ఆగస్టు నుంచి మాత్రం చెరువుగట్టు మీదికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా అందరూ దేశాల గురించే అడుగుతున్నారు. "అమెరికాకీ రష్యాకీ పడకపోతే మధ్యలో మా వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) రేటు ఎందుకు పడిందండీ?" అని మా పక్కనున్న ఉండి అనే ఊళ్ళో ఒక రైతు అడిగారు. నిలబడి ఒక్క మాటలో చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను. ఇందులో సుంకాల రేట్లన్నీ 2025 నాటివి.

అపోహ: స్నేహం ఉంటే సుంకం పడదు.

వాస్తవం: జపాన్, దక్షిణ కొరియా అమెరికాకి రక్షణ ఒప్పందం రాసుకున్న మిత్రదేశాలు. వాళ్ళ మీదా 15 శాతం పడింది. నాటోలో ఉన్న కెనడాకి, వాళ్ళ పాత వాణిజ్య ఒప్పందం పరిధిలోకి రాని సరుకు మీద 35. ఏ సైనిక కూటమిలోనూ లేని స్విట్జర్లాండ్‌కి 39. బ్రెజిల్‌తో వ్యాపారంలో అమెరికాకే మిగులు ఉంది, అయినా చాలా సరుకుల మీద 50 వేశారు. మనం అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి క్వాడ్ అనే బృందంలో ఉన్నాం. ఆగస్టు 7న 25 శాతం పడింది, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపారు.

అయితే ఆ 50 శాతం మన దేశపు సరుకంతటి మీదా పడలేదు. విశాఖలో ఒకే ఓడ ఎక్కిన రెండు కంటైనర్లను అనుకోండి. ఒకదాంట్లో జనరిక్ మందు బిళ్ళలు, ఇంకోదాంట్లో మన రొయ్యలు. బిళ్ళలకి ఆ సుంకం పడలేదు, రొయ్యలకి పూర్తిగా పడింది. ఆ మందులు లేకపోతే అక్కడి ఆసుపత్రులకి కష్టం. రొయ్యలైతే ఈక్వెడార్ ఇస్తుంది, అదీ అప్పటి 15 శాతం సుంకంతో, మనకన్నా ఎంతో దగ్గర నుంచి. నవంబరులో తిండి ధరలు పెరిగాయని కాఫీ, టీ, మసాలా దినుసులకి మినహాయింపు ఇచ్చారు. రొయ్యకి ఇవ్వలేదు. అమెరికా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో రొయ్యలు పట్టుకుని బతికేవాళ్ళున్నారు, దిగుమతుల మీద వాళ్ళ ఫిర్యాదు ఇరవై ఏళ్ళ నాటిది.

ఆస్ట్రేలియాకి 2020లో చైనాతో ఇదే జరిగింది. బార్లీ మీద 80.5 శాతం సుంకం వేశారు, వైన్‌ని, లాబ్‌స్టర్లని ఆపేశారు. ఇనుప ఖనిజం జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే అంత ఖనిజం ఇంకెక్కడా దొరకదు. బార్లీ రైతులు సౌదీ లాంటి వేరే మార్కెట్లు వెతుక్కున్నారు. 2023 ఆగస్టులో చైనాయే ఆ సుంకం తీసేసింది. మనవైపు ఎవరున్నారన్నది కాదు, మన సరుకు లేకుండా అవతలివాడికి గడుస్తుందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

అపోహ: సుంకం కట్టేది అమెరికా వాడు, మనకేంటి?

వాస్తవం: దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, మన ఊళ్ళలో నష్టమంతా ఇక్కడే మొదలైంది. రొయ్యల వ్యాపారంలో చాలా సరుకు డీడీపీ పద్ధతిలో వెళ్తుంది. అంటే డ్యూటీ కట్టి, సరుకుని కొన్నవాడి గోడౌన్‌కి చేర్చే బాధ్యత అమ్మినవాడిదే. పాత ఆర్డరుకి ధర ముందే ఒప్పుకుని ఉంటాం. మధ్యలో సుంకం పెరిగితే ఆ తేడా మన నెత్తినే పడుతుంది. లక్ష డాలర్ల సరుకుకి 50 వేలు. దాని మీద 5.77 శాతం కౌంటర్‌వైలింగ్ డ్యూటీ (మనకి ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయని వేసేది), 2005 నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ చౌకగా అమ్ముతున్నామని వేసేది). అన్నీ కలిపితే 58 శాతం దాటింది.

ఆగస్టు 27 కన్నా ముందు ఓడెక్కి, సెప్టెంబరు 17 లోపు అక్కడ కస్టమ్స్‌లో దాఖలైతే అదనపు 25 ఉండదన్నారు. విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి దగ్గర దగ్గర నలభై రోజులు. అప్పటికి మా కంటైనర్లు మూడు నడిసముద్రంలో ఉన్నాయి. రాత్రి రెండింటికి లేచి ఓడ ఎక్కడుందో ఫోన్లో చూసుకునేవాణ్ణి. ఒకటి గడువు అందుకుంది, రెండు అందుకోలేదు. ఆ టెన్షన్‌లో ప్లాంట్లు కొనుగోలు తగ్గించాయి, కమీషన్ ఏజెంట్లు రేటు తగ్గించారు, చివరికి దెబ్బ చెరువు దగ్గర తగిలింది. అప్పటికే మేత బాకీ నెత్తి మీదున్న రైతు సరుకుని ఎన్నాళ్ళు ఆపగలడు?

అపోహ: అమెరికా కాకపోతే చైనాకి అమ్ముకుందాం.

వాస్తవం: అమ్ముతున్నాం. 2024-25లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలు. ఆ ఏడాది కొన్నవాళ్ళలో అమెరికా మొదటిది, చైనా రెండోది. గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయిన 2020లో కూడా ఈ వ్యాపారం ఆగలేదు. కానీ అదే ఏడాది ప్యాకింగ్ మీద కరోనా ఆనవాళ్ళున్నాయంటూ చైనా కొన్ని ప్లాంట్ల సరుకు ఆపింది. పైగా ఈక్వెడార్ రొయ్య ఎక్కువగా వెళ్ళేదీ అక్కడికే. అమెరికాకి వలిచి, నరం తీసి పంపే సరుకుతో వేలమంది ఆడవాళ్ళకి ప్లాంట్లలో పని దొరుకుతోంది. చైనా ఎక్కువగా తలతో, పెంకుతో ఉన్నది అడుగుతుంది. సరుకు అమ్ముడవుతుంది, ఆ ఆడవాళ్ళ కూలి మాత్రం పోతుంది.

అపోహ: ఎవరి పక్షమూ చేరకుండా దూరంగా కూర్చుంటే క్షేమం.

వాస్తవం: అలీన విధానం రోజుల్లోనూ మనం దూరంగా కూర్చోలేదు. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం పథకం కింద గోధుమలు తెచ్చుకుంటూనే సోవియట్ సాయంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం కట్టుకున్నాం. వియత్నాం 2023 సెప్టెంబరులో బైడెన్‌ని, డిసెంబరులో షీ జిన్‌పింగ్‌ని పిలిచి ఇద్దరితోనూ ఒప్పందాలు చేసుకుంది. ఇద్దరూ ఉన్నంతవరకే మధ్యవాడికి బేరం. మన దగ్గరే చూడండి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడ్డారు. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళ పక్షం నిలిచారు, ఫ్రెంచివాళ్ళు ఓడారు. ఎనిమిదేళ్ళు తిరగకుండానే ఉత్తర సర్కారులు (మన కోస్తా జిల్లాలు) ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళాయి.

అపోహ: మనం ఎప్పుడూ దెబ్బ తినేవాళ్ళమే.

వాస్తవం: కాకినాడ రేవులో అడగండి. 2023 జూలైలో మనం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేస్తే, ఆఫ్రికా కొనుగోలుదారులు మనల్ని చూసి ఇలాగే బెంబేలెత్తారు. 2024 సెప్టెంబరులో ఆంక్ష తీసేసేలోపు కొందరు వియత్నాం, పాకిస్తాన్ బియ్యానికి అలవాటుపడ్డారు.

మరి ఏం చెయ్యాలి అంటారా? కొత్త మార్కెట్ అంటే ఢిల్లీలో సంతకంతో అయ్యేది సగమే. 2025 సెప్టెంబరులో యూరప్ మన ప్లాంట్లు 102 కొత్తగా తమకి అమ్మవచ్చన్న జాబితాలో చేర్చింది. కానీ 2016 నుంచీ అక్కడ మన చెరువు రొయ్యల కన్సైన్‌మెంట్లలో సగం పరీక్షకి వెళ్తున్నాయి. నైట్రోఫ్యూరాన్ అనే నిషేధించిన యాంటీబయాటిక్ జాడ దొరికితే కంటైనర్ వెనక్కే. మందు వాడింది ఎవరైనా, పేరు పోయేది డెల్టా మొత్తానిది.

ఉండి రైతు గారికి ఇదంతా చెప్పాను. వారం తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. వాళ్ళమ్మాయి పాత స్కూలు నోటుబుక్కు. సీడ్ (రొయ్యపిల్ల) ఏ హేచరీది, మేత బస్తా బ్యాచ్ నంబరు, ఏ రోజు ఏం చల్లారు, అన్నీ గీతలు కొట్టి రాసుకున్నారు. కింద ఒక ప్రశ్న: "యూరప్ వాళ్ళకి ఇలా రాస్తే సరిపోతుందాండీ?"